ఖాళీకి ప్రభుత్వ గుర్తింపు

పానకాలరావుకి చేతిలో డబ్బు నిలవదని ఊరంతా అనుకునేది గానీ, అది నిజం కాదు. నిలవనిది డబ్బు కాదు, మనసు. బస్టాండులో విచారణ గదిలో కూర్చుని మైకు పట్టుకుంటే అంతటివాడు లేడు. పదిమంది కిటికీలోకి తలలు దూర్చి పది ఊళ్ళ బస్సులు ఒక్కసారే అడిగినా పదిమందికీ జవాబు చెప్పి, పదకొండోవాడికి మరుగుదొడ్లు ఎటో కూడా చూపించి పంపేవాడు. అదే మనిషి మైకు కట్టేసి బయటికొచ్చాక, ఎవడో ప్లాట్‌ఫారం మీద ఉల్లిపాయని ఒక్క నొక్కుతో ముక్కలు చేసే డబ్బా ఆడిస్తుంటే అక్కడే పాతుకుపోయేవాడు. అలాంటి డబ్బాలు అప్పటికే ఇంట్లో మూడున్నాయన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండేది కాదు. నాలుగోదాన్ని తీసుకెళ్ళి ఆ మూడింటి పక్కన పెట్టేటప్పుడు గుర్తొచ్చేది.

అలా చేరినవి ఇన్నీ అన్నీ కావు. మెడనొప్పి దిండ్లు, ఆరోగ్యం కోసం అరికాళ్ళలో గుచ్చుకునే చెప్పులు, పొట్ట తగ్గించే బెల్టులు, మడత నిచ్చెన, మడత బకెట్టు, మడత టోపీ. మడతపెట్టేవైతే చోటు పట్టవని ఆయన వాదన. "మడతపెట్టే మనిషి ఉండాలి కదండీ" అనేది ఆయన భార్య శేషారత్నం. ఆవిడ తప్పు లేదు. ఉన్నది రెండు గదుల వాటా, అందులో ఒక గదికి తలుపు సగమే తెరుచుకునేది. మిగతా సగం వెనక ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో అసలు ఇబ్బంది ఆయనదీ కాదు, ఆవిడదీ కాదు. కూతురు హిమజది. పిల్ల పదో తరగతి. చదువుకుందామంటే ఇంట్లో కాళ్ళు ముడుచుకునేంత జాగా లేక మెట్ల మీద కూర్చునేది. పై వాటావాళ్ళు ఎక్కుతూ దిగుతూ పుస్తకం దాటుకుని పోయేవాళ్ళు. ఒకరోజు ఎవరి బిందెలోంచో నీళ్ళు తొణికి సోషల్ పుస్తకం తడిసి ముద్దయింది. తెచ్చి ఆరబెడదామని ఇల్లంతా తిరిగింది. పుస్తకం తెరిచిపెట్టే చోటు దొరకలేదు. చివరికి నెత్తిమీద పెట్టుకుని ఫ్యాను కింద నిలబడింది. పిల్ల తనని తిట్టినా బాగుండేదని పానకాలరావు ఆ రోజంతా కుమిలిపోయాడు.

మర్నాడు మనసు జబ్బులు చూసే డాక్టర్ ముంతాజ్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడించి, ఇంటికి ఏ వేళకి చేరతారు, గొడుగులు ఎన్ని పోగొట్టుకున్నారు, చిన్నప్పుడు మాస్టారు ఏమని తిట్టేవాడు అని అడిగి తేల్చి చెప్పింది.

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారండి, శ్రద్ధ నిలవని లోపం. మీది చెడ్డబుద్ధీ కాదు, దుబారాతనమూ కాదు. కొత్తది కంటబడితే మీ మెదడు పాతవన్నీ పక్కన పడేస్తుంది. మందు రాస్తాను, వాడండి. ఇంకో పని కూడా చెయ్యాలి. ఏదైనా కొనాలనిపిస్తే అది ఇంట్లో ఎక్కడ పెడతారో ఆ అమ్మేవాడికే పైకి చెప్పండి. చెప్పలేకపోతే నడిచెయ్యండి. అప్పటికీ మనసు లాగుతుంటే ఒక్క రాత్రి ఆగి చూడండి."

"మధ్యలో తప్పితేనో అమ్మా?"

"తప్పుతారు. మర్నాడు మళ్ళీ మొదలెట్టండి. ఇందులో తిట్టుకోవాల్సిందేం లేదు."

తప్పాడు కూడా. మొదటివారంలోనే చేపలాకారం టార్చిలైటు ఒకటి ఇంటికొచ్చింది. కానీ రెండోవారం మెడ మర్దనా చేసే యంత్రం ముందు నిలబడి, "ఇది నేను... ఇది నేను బీరువా మీద... కాదు, అక్కడ బెల్టులున్నాయి... మంచం కింద... అక్కడ నిచ్చెన..." అంటూ ఇల్లంతా నోటితో వెతికి, చోటు దొరక్క నడిచేశాడు. అమ్మేవాడు కూడా జాలిపడి, "పోన్లే బాబాయ్, ముందు ఇల్లు చూసుకో" అన్నాడు.

ఆ ఊపులో ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలెట్టాడు. రోజూ ఒక సంచీ బస్టాండుకి తెచ్చి సిమెంటు బల్ల మీద పరిచేవాడు. బాపట్ల బస్సుకీ రేపల్లె బస్సుకీ మధ్య మైకులో, "ప్రయాణికులకు మనవి, విచారణ గది పక్కన మడత బకెట్లు కలవు, కావలసినవారు ఊరికే తీసుకెళ్ళవచ్చును" అని ప్రకటించేవాడు. నెల తిరిగేసరికి లోపలి గదిలో కిటికీ కింద నాలుగడుగుల చోటు బయటపడింది. హిమజ అక్కడ చాప పరిచి, "నాన్నా, మన గోడ ఈ రంగా?" అని అడిగింది. ఆ రాత్రి అన్నం తింటూ పానకాలరావు కళ్ళు తుడుచుకుంటే శేషారత్నం చూడనట్టు పప్పు వడ్డించింది.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసేదే, ప్రభుత్వానికి తెలియకుండా ఉంటే.

జనం అవసరం లేనివి తెగ కొంటున్నారని ఆ ముందటేడు ఎవరో పెద్దలు ఒక సభలో బాధపడ్డారు. బాధపడి ఊరుకుంటే అది ప్రభుత్వం ఎలా అవుతుంది? మితజీవన ప్రాధికార సంస్థ అని ఒకటి పెట్టారు. దానికి జిల్లాకో పెద్ద హాలు, ఒక జీపు, ఒక సంయమనాధికారి. తక్కువ వస్తువులతో బతకాలంటే ఏమేం వస్తువులు కావాలో ఒక కమిటీ తేల్చింది. అవన్నీ ముందే కొనేశారు. సరుకు వచ్చి హాలు కప్పుదాకా నిండిపోతే, జిల్లా సంయమనాధికారి దక్షిణామూర్తిగారు కుర్చీ వరండాలో వేసుకుని, వానొస్తే జీపులో కూర్చుని పరిపాలన సాగించారు.

సరుకుంది గానీ తీసుకునేవాడు దొరకలేదు. లబ్ధిదారుడి ఇంట్లో ఖాళీ ఉండి తీరాలని నిబంధన. సామాన్లు కొనే జబ్బున్నవాళ్ళ ఇళ్ళలో ఖాళీ ఉండదు. ఏమీ లేక ఖాళీగా ఉన్న ఇళ్ళేమో పేదరిక నిర్మూలన వారి లెక్కలోకి వస్తాయి, వాటి జోలికి పోతే ఆ శాఖవాళ్ళు ఊరుకోరు. చూస్తుండగానే మార్చి నెల వచ్చింది. మార్చి అంటే ఆఫీసుల్లో తెలియనిదెవరికి? నెలాఖరులోగా సరుకు చెల్లకపోయినా, నిధులు ఖర్చు కాకపోయినా పైఏడు చిల్లిగవ్వ రాదు. అలాంటి దుర్దినాల్లో దక్షిణామూర్తిగారు పని మీద బస్టాండుకి వచ్చి, మైకులో మడత బకెట్ల ప్రకటన విన్నారు. ఆయన ఒళ్ళు పులకరించింది.

మర్నాడే జీపు పానకాలరావు ఇంటిముందు ఆగింది. దక్షిణామూర్తిగారు టేపుతో కిటికీ కింద కొలిచి, లేచి నిలబడి శాలువా కప్పారు.

"తమ గృహమందు కిటికీ దిగువన ఏర్పడిన ఖాళీని సంస్థ గుర్తిస్తున్నది. జిల్లాలో ఇది ప్రప్రథమ ధ్రువీకృత ఖాళీ. తమరిని ఆదర్శ నిరాడంబరిగా ప్రకటించుటకు మిక్కిలి సంతసించుచున్నాము."

"అది మా అమ్మాయి చదువుకునే చోటండి."

"వినియోగము ఏదైనను ఖాళీ ఖాళీయే. సదరు ఖాళీ ఎట్టిదో ప్రజలకు తెలియుటకై ఒక జ్ఞాపిక."

ఇద్దరు మనుషులు నడుము ఎత్తు గాజుపెట్టెను మోసుకొచ్చారు. లోపల ఏమీ లేదు, అదే దాని ప్రత్యేకత. కింద పాలరాతి దిమ్మ మీద పానకాలరావు పేరు చెక్కి ఉంది. కొలిచిన చోటే పెట్టాలి గనక కిటికీ కిందే పెట్టారు. హిమజ చాపని సగం మడుచుకుంది.

"అయ్యా, ఇది నేను ఎక్కడ పెట్టుకుంటానో చెప్పలేకపోతున్నాను. వద్దండి" అన్నాడు పానకాలరావు, డాక్టరమ్మ నేర్పినట్టే.

"గుర్తింపు నిరాకరించుటకు నిబంధనలలో వీలు లేదు. తమరు కూడా జీతగాండ్రు, తమకు తెలియనిదేమున్నది" అన్నారాయన మృదువుగా. ఆ మృదుత్వానికే పానకాలరావుకి చెమటలు పట్టాయి.

తర్వాత లారీలు రాసాగాయి. మొదటిదాంట్లో 'తక్కువతో జీవించుట' అనే పుస్తకం పన్నెండు సంపుటాలుగా ఉంది. పుస్తకాలు నేలమీద పెడితే చెదలు పడతాయని ఇనప బీరువా ఇచ్చారు. బీరువాలో కాగితం ఉంది గనక నిబంధన ప్రకారం మంటలార్పే ఎర్ర సిలిండరు ఇచ్చారు. దాన్ని తగిలించే మేకుకి గోడ గట్టిది కాదని తేలితే సిలిండరుకో స్టాండు ఇచ్చారు. తమరికి శ్రద్ధాలోపమని గూట్లో కనబడిన డాక్టరు చీటీలో ఉన్నది గదా అని, మనసు చెదిరినప్పుడల్లా హెచ్చరించేందుకు గోడ గడియారాలు అరడజను. ఇంట్లో సామాను ఎంత తగ్గిందో తూచేందుకు బియ్యం మిల్లులో ఉండేలాంటి కాటా.

"చోటు లేదండీ" అని పానకాలరావు మొత్తుకున్నాడు.

దక్షిణామూర్తిగారు ఆ మాట రాసుకున్నారు. రెండ్రోజుల తర్వాత మరో లారీలో చోటు వచ్చింది. చోటంటే, గది మధ్యలో నిలబెట్టే ఇనప అరలు. లబ్ధిదారునికి స్థలాభావము కలదని తెలియవచ్చినందున స్థలము మంజూరు చేయడమైనదని కాగితం కూడా దాంతోపాటే వచ్చింది.

హిమజ పుస్తకాల సంచీ తీసుకుని మళ్ళీ మెట్ల మీదికి వెళ్ళింది. పరీక్షలు ఇంకో పక్షం రోజుల్లోకి వచ్చాయి. "ఇన్నాళ్ళూ మీరు కొన్నవి కనీసం ఊరికే ఇస్తామంటే ఎవరో ఒకరు తీసుకునేవాళ్ళు" అంది శేషారత్నం. "ఇవి ఎవరికి అంటగట్టను?"

ఆ గడియారాలు ఒక్కోటి ఒక్కో వేళకి మోగేవి. ఒకటి మోగితే పానకాలరావు పళ్ళు తోముకుంటూ లేచివచ్చి, అదెందుకు మోగిందా అని ఆలోచిస్తూ చొక్కా వేసుకునేవాడు. ఇంతలో రెండోది మోగేది. బస్టాండుకి వెళ్ళినా చెవుల్లో అవే మోతలు. ఇరవయ్యేళ్ళలో ఒక్క పొరపాటు చెయ్యనివాడు, చీరాల వెళ్ళాల్సిన పెళ్ళివారిని మాచర్ల బస్సెక్కించాడు. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి కిటికీలోంచి ఏమన్నాడో ఇక్కడ రాయడం బాగుండదు.

దాంతో తెగించి ఒక గడియారం సంచీలో వేసుకొచ్చి సిమెంటు బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నానికల్లా జీపు వచ్చింది. గడియారం వెనక తెల్లరంగుతో సంస్థ నంబరు వేసి ఉందన్న సంగతి ఆయన చూసుకోలేదు.

"ప్రభుత్వ సొత్తును అన్యాక్రాంతము చేయుట ఎంతటి నేరమో తమరికి విన్నవించనక్కరలేదు" అన్నారు దక్షిణామూర్తిగారు. "అయినను తమరు ఆదర్శ నిరాడంబరి. తమపై చర్య తీసుకొనినచో సంస్థకు మిగులు లబ్ధిదారులు సున్న. కావున ఈసారికి తనిఖీతో సరిపెట్టుచున్నాము."

తనిఖీ అంటే ఇల్లంతా కాటా మీద తూచడం. తూచారు. నిరాడంబరి ఇంటికి సంస్థ పెట్టిన హద్దుకంటే ఇల్లు చాలా బరువుందని తేలింది. దక్షిణామూర్తిగారి ముఖం నల్లబడింది.

"ఆదర్శ నిరాడంబరి గృహమున ఇంత భారమా? తక్షణమే తగ్గించవలెను."

"తగ్గించండి సార్, మీ బీరువా తీసుకుపోండి" అన్నాడు పానకాలరావు ఆశగా.

"సంస్థ సొత్తు కదల్చరాదు. తగ్గవలసినది తమ స్వంత సామగ్రి."

మంచం వెళ్ళింది. గ్రైండరు వెళ్ళింది. శేషారత్నం పుట్టింటివాళ్ళిచ్చిన ఇత్తడి గంగాళం వెళ్ళింది. హిమజ చాప, పుస్తకాలు వెళ్ళాయి. అన్నీ పై వాటావాళ్ళ వరండాలో పెట్టి మళ్ళీ తూచినా బరువు హద్దు దాటే ఉంది. దక్షిణామూర్తిగారు చాలాసేపు లెక్కలు వేసి, కళ్ళజోడు తీసి, నిజంగానే బాధపడుతూ చెప్పారు.

"ముగ్గురు కుటుంబ సభ్యులు అదనముగా తేలుచున్నారు."

శేషారత్నం నవ్వింది. అది ఎలాంటి నవ్వంటే, పై వాటా ఆవిడ భయపడి కిందికి దిగొచ్చింది. "తాను దూర కంత లేదు, మెడకో డోలు అని మా అమ్మమ్మ అనేది. ఇప్పుడు డోలుకి ఇల్లిచ్చి మనల్ని కంత వెతుక్కోమంటున్నారు. పదండి, వెతుక్కుందాం" అంది.

వీధిలో నిలబడిన పానకాలరావుకి, ఇరవయ్యేళ్ళుగా ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పిన మనిషికి, తను ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. అప్పుడు పదిమంది ఒక్కసారే అడిగితే పనిచేసినట్టు బుర్ర చకచకా పనిచేసింది. ఇన్ని లారీల సరుకు తన ఇంటికి వచ్చిందంటే, అది ఎక్కణ్ణుంచో ఖాళీ అయి ఉండాలి కదా. పెళ్ళాన్నీ పిల్లనీ, చాపనీ పుస్తకాలనీ స్టవ్వునీ ఆటో ఎక్కించి మితజీవన సంస్థ ఆఫీసుకి తీసుకెళ్ళాడు.

హాలు అద్దంలా ఉంది. నాలుగు గోడలు, వరసగా కిటికీలు, నేలమీద వెలుతురు తప్ప ఏమీ లేదు. హిమజ సరాసరి వెళ్ళి ఒక కిటికీ కింద చాప పరుచుకుని లెక్కల పుస్తకం తీసింది.

జీపు దిగి వచ్చిన దక్షిణామూర్తిగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "తమరు ఏ నిబంధన క్రింద ఇచ్చట ఆసీనులైనారు?"

"మీ బీరువా ఏ నిబంధన కింద మా ఇంట్లో ఆసీనమైందో దాని కిందే సార్" అన్నాడు పానకాలరావు.

ఆయన నిబంధనల పుస్తకం కోసం చూశారు. అది కూడా పానకాలరావు ఇంట్లోని బీరువాలోనే ఉంది. తెప్పిద్దామంటే సంస్థ సొత్తు కదల్చరాదు. అందుచేత వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. పరీక్షలు మొదలయ్యాయి. తెలుగు అయింది, హిందీ అయింది. పిల్ల ఆ హాల్లో చదువుతూ, నిద్రపోతూ, లేచి చదువుతూ గడిపింది. శేషారత్నం వెనక వరండాలో స్టవ్వు పెట్టి వండి, మొహమాటానికి ఆఫీసరుగారికి కూడా ఇంత వడ్డించేది.

మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం దక్షిణామూర్తిగారు చేతిలో ఫైలుతో హాల్లోకి వచ్చారు. బయట లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మర్నాడు హిమజకి లెక్కల పరీక్ష. అన్ని పరీక్షల్లో ఆ పిల్ల భయపడేది దానికొక్కదానికే.

"ఈ హాలు వెలితిగా ఉన్నది" అన్నారాయన. "ఆదర్శ పఠనశాలగా మార్చెదము. డెబ్బది బల్లలు, ఒక సంయమనమూర్తి విగ్రహము, ఒక కృత్రిమ జలపాతము. దించుట, బిగించుట నేటి రాత్రియే. తమరు బయట సర్దుకొనవలెను."

ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. సంతకం పెట్టాల్సిన పేజీ అప్పటికే తెరిచి పట్టుకున్నారు. పానకాలరావు ఆ మెరుపుని చూశాడు. అది పొగరు కాదనీ, ద్వేషం కాదనీ ఆయనకి తెలిసినంత బాగా ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. కోపమంతా జారిపోయి జాలి వేసింది.

"సార్, ఒక్క రాత్రి ఆగండి."

"అసంభవము. అయిదింటికి ఖజానా మూయుదురు. రేపు ఏప్రిల్ ఒకటి. నేడు కొనకున్న నిధులు మురిగిపోవును."

"నాకూ అదే చెప్పేవాళ్ళండి, ఈ ధర ఇవాళొక్కరోజేనని. మర్నాడు వెళ్తే అక్కడే కూర్చుని అదే ధరకి అమ్ముతుండేవాళ్ళు."

"నాకు సంతకము చేయవలెననిపించుచున్నది."

"అనిపిస్తుందండి. అనిపించనివ్వండి. ఇలా కూర్చోండి."

దక్షిణామూర్తిగారు నిలబడే ఉన్నారు. బయట లారీవాళ్ళు హారన్లు కొట్టారు. ఆయన గొంతు మారిపోయింది, ఆఫీసు భాష ఎటు పోయిందో పోయింది. "కొనకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు పానకాలరావుగారూ. ఏ శాఖలో ఉన్నా ముప్పై మార్చిలు ఇలాగే గడిచాయి. ఈ చేతులు ఎక్కడ పెట్టుకోను?"

"మొదట్లో చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది సార్. కాసేపటికి తగ్గుతుంది. నాకు తగ్గింది."

ఆయన ఫైలు ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చున్నారు. కాసేపు కలం మూత తీశారు, పెట్టారు. లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. హిమజ తల ఎత్తకుండానే, "సార్, మీకు త్రికోణమితి వచ్చా? ఈ స్తంభం ఎత్తు రావట్లేదు" అంది. దక్షిణామూర్తిగారు కాగితం కోసం చూశారు. ఒళ్ళో ఉన్న కొనుగోలు ఉత్తర్వు వెనకవైపు తెల్లగా ఉంది. దానిమీద బొమ్మ గీసి, కోణం రాసి, తప్పు వచ్చి, కొట్టేసి మళ్ళీ వేశారు. స్తంభం ఎత్తు తేలింది. ఇంకోటి ఇమ్మన్నారు. పిల్ల ఇంకోటి ఇచ్చింది. శేషారత్నం తెచ్చిపెట్టిన టీ చల్లారిపోయింది. తల ఎత్తి చూసేసరికి లారీలు లేవు, వీధిలో దీపాలు వెలిగాయి.

"తగ్గిందండీ" అన్నారాయన ఆశ్చర్యంగా.

ఏప్రిల్ రెండోవారంలో ప్రధాన కార్యాలయం నుంచి ఆయనకి మెమో వచ్చింది. మితజీవన ప్రాధికార సంస్థలో బాధ్యతాయుతమైన హోదాలో ఉండి, చేతిలో నిధులుండగా, ఎదుట సరుకుండగా, ఎట్టి కారణము లేకుండా కొనుగోలు మానుకుని మితవ్యయమునకు పాల్పడినందున, ఇట్టి ప్రవర్తన ఇతర సిబ్బందికి సోకే ప్రమాదము దృష్ట్యా, ఆయన్ని సస్పెండు చేశారు. ఆయన చేసిన ఎంపికలన్నీ రద్దయ్యాయి. పానకాలరావు ఆదర్శ నిరాడంబరి కాడని తేల్చి, గాజుపెట్టెతో సహా సర్వం వెనక్కి తీసుకుపోయారు. హాలు మళ్ళీ కప్పుదాకా నిండింది. కొత్తగా వచ్చిన అధికారి వరండాలో కుర్చీ వేసుకున్నాడు.

దక్షిణామూర్తిగారు ఊరు వెళ్ళే రోజున బస్టాండుకి ఒక్క చేతిసంచీతో వచ్చారు. పానకాలరావు మైకులో ఆయన బస్సు ప్రత్యేకంగా రెండుసార్లు పిలిచాడు.

ఆ సాయంత్రం పానకాలరావు ఇంటికి వెళ్ళేసరికి లోపలి గది తలుపు పూర్తిగా తెరిచి ఉంది. పరీక్షలు అయిపోయి అప్పటికి చాలా రోజులైంది. పుస్తకాలన్నీ కింది తరగతి పిల్లలకి ఇచ్చేసింది. అయినా హిమజ కిటికీ కింద వట్టి నేలమీద చేతులు చాచి వెల్లకిలా పడుకుని ఉంది.

"ఏమ్మా, అక్కడేం చేస్తున్నావు?"

"ఏం లేదు నాన్నా. ఊరికే."

పానకాలరావు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, అమ్మాయి పక్కన, మిగిలిన జాగాలో తనూ పడుకున్నాడు.